పాక్ మార్తోయో పుటలో ఒక వాక్యం

వుర్యాని ఎలాంటి మనిషని జోగ్జాలో ఎవర్నడిగినా ఒకటే చెబుతారు: చాలా మర్యాదస్తురాలు, ఎవరి మనసూ నొప్పించదు అని. మెచ్చుకుంటున్నామనుకుంటారు పాపం. మా జావా వాళ్ళకి అంతకు మించిన మెప్పు లేదు మరి. పెద్దవాళ్ళ ముందు నోరెత్తకపోవడం, ఇబ్బంది పెట్టే మాట ఏదైనా ఉంటే గొంతులోనే మింగెయ్యడం, దీనికి మాలో పకెవుహ్ అని ఒక పేరు కూడా ఉంది. ఉగ్గుపాలతోనే పట్టేస్తారు. అలా మింగీ మింగీ వుర్యాని ఒక పెద్దాయనకి చేసిన నష్టం సంగతి ఇది.

ఆమె పుట్టింది గునుంగ్ కిదుల్ సున్నపురాళ్ళ కొండల్లో. ఎండాకాలం నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి కూర్చునే ఊరు. తండ్రి వొనొసారి, జోగ్జా మధ్య తిరిగే బస్సులో కండక్టరు. పద్దెనిమిదో ఏట ఆ బస్సులోనే తండ్రి పక్కన నిలబడి జోగ్జా వచ్చింది, పాలిటెక్నిక్‌లో చేరడానికి. అప్పటిదాకా కంప్యూటర్ని దూరం నుంచి చూడటమే తప్ప తాకింది లేదు. మొదటి రోజు మీట నొక్కితే ఏం పగిలిపోతుందోనని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. వెనక నుంచి ఒకాయన వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని మీట మీద పెట్టి, "నొక్కు గెందుక్. పగిలితే నాది పూచీ" అన్నాడు. గెందుక్ అంటే మాలో చిట్టితల్లీ అని. ఆయనే పాక్ మార్తోయో. పాక్ అంటే అయ్యగారు, నాన్నగారు, రెండూనూ.

పాక్ మార్తోయో అప్పటికే నలుగురైదుగురు శిష్యుల్ని వేసుకుని ఒక ప్రోగ్రామింగ్ భాష తయారుచేస్తున్నాడు. పేరు సులుర్, అంటే తీగ. బళ్ళో పిల్లలూ, వార్డాఫీసు గుమాస్తాలూ మన మాటల్లోనే ప్రోగ్రాం రాసుకోవాలని ఆయన పట్టుదల. ఉత్త భాష ఇస్తే సరిపోదు కదా. కొత్తింట్లో దిగేవాళ్ళకి చీపురూ బిందే పొయ్యీ ముందే అమర్చి పెట్టినట్టు, తరచూ అవసరపడే పనులన్నిటికీ ఫంక్షన్లు రాసి భాషతోపాటే ఇచ్చారు. అదే ప్రామాణిక లైబ్రరీ. అందులో ఒక్కొక్క ఫంక్షన్‌కీ ఒక్కొక్క పుట: ఇది ఏం చేస్తుంది, ఏం చెయ్యదు, ఎక్కడ జాగ్రత్తపడాలి అని. ఆ పుటలన్నీ కలిపితే డాక్యుమెంటేషన్.

ఆ పుటలు రాయడంలో మార్తోయోది ఒక పద్ధతి. రాసిన ప్రతి వాక్యం తీసుకెళ్ళి భార్యకి చదివి వినిపించేవాడు. ఆవిడ బు మర్సిని, బు అంటే అమ్మగారు. గామెలాన్ మేళాల్లో పాడే సిందెన్. కంప్యూటరంటే ఓనమాలు తెలియవు. కూరగాయలు తరుగుతూ వినేది. వినీ వినీ, "అయితే అప్పుడేమవుతుంది?" అని అడిగిందంటే ఆ వాక్యం చాలలేదన్నమాట. మళ్ళీ వెళ్ళి రాసేవాడు.

ఫైలుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిపే ఫంక్షన్ గెసెర్ పుట కూడా అలాగే పుట్టింది. అది ఆవిడకి చదివి వినిపించిన రోజు వుర్యాని ఆ వంటింట్లోనే ఉంది, చివరి సంవత్సరం విద్యార్థిని.

"సరే, ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళి అక్కడ పెడుతుంది. అక్కడ అదే పేరుతో ముందే ఒకటి కూర్చుని ఉంటే?" అంది మర్సిని, కత్తి ఆపకుండా.

"అదే పేరుతోనా..." అని మార్తోయో తల గోక్కున్నాడు.

"ఏం, ఉండకూడదా? మా మేళంలోనే ముగ్గురు తుకిమిన్‌లున్నారు. ఒక తుకిమిన్ వచ్చి కూర్చుంటే ఇంకో తుకిమిన్ నలిగి చావాల్సిందేనా?"

వుర్యాని పకపకా నవ్వింది. మార్తోయో మాత్రం నవ్వలేదు, అప్పుడే వెళ్ళి ఫంక్షన్‌నే మార్చేశాడు. తరవాత పుటలో రాశాడు: "వెళ్ళే చోట అదే పేరుతో ఫైలు ఉంటే గెసెర్ ఆగిపోయి ఆ సంగతి చెబుతుంది. ఏ ఫైలుకూ హాని జరగదు." మర్సిని విని, "ఆఁ, ఇప్పుడు బాగుంది" అంది.

"చదివేవాడు వాడింట్లో ఒక్కడే కూర్చుని ఉంటాడు గెందుక్," అన్నాడు ఆ రోజు పాక్. "అడుగుదామంటే నువ్వు పక్కన ఉండవు. నీ వాక్యమే ఉంటుంది. అది అబద్ధమాడిందనుకో, వాడు నట్టేట మునిగినట్టే." ఆ మాట వుర్యాని పుస్తకంలో రాసుకుంది కూడా. ఏం లాభం?

చదువయ్యాక ఆమె కోటగెదెలో వెండిపనివాళ్ళకి సాఫ్ట్‌వేర్ చేసి పెట్టే చిన్న కంపెనీలో చేరింది. రైల్వేలో పనిచేసే అతన్ని పెళ్ళి చేసుకుంది. శనివారాలు సులుర్ పనికి. కోడ్‌లో ఎవరేం మార్చినా, దానికి తగ్గట్టు పుటలు ఉన్నాయో లేదో చూడటం ఆమె వంతు. జీతం లేదు, ఎవరూ అడగనూ లేదు. పదిహేనేళ్ళు చేసింది, ఒక్క శనివారం మానకుండా.

ఇక్కడ సులుర్ వాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. ప్రతి పుట అడుగునా రాసినవాళ్ళ పేరు ఉంటుంది. ఆ పుటలో అక్షరం మార్చాలంటే ఆ మనిషి ఇంటికి వెళ్ళి, తినడానికేదైనా పట్టుకెళ్ళి, మంచీ చెడూ మాట్లాడి, "ఏమీ అనుకోకపోతే" అని మొదలుపెట్టి అడగాలి. ఒప్పుకున్నాకే మార్చాలి. మొదట్లో ఉన్న ఆ కొద్దిమందీ సైకిలు మీద చేరుకునేంత దూరంలోనే ఉండేవాళ్ళు కాబట్టి అలవాటైంది. తరవాత భాష సముద్రం దాటి మెదాన్ దాకా, మకాస్సర్ దాకా పాకింది. అయినా పాత పుటలకి మాత్రం ఆ ఆచారం పోలేదు. పాక్ మార్తోయో పుటలకైతే చెప్పనే అక్కర్లేదు, వాటిని ముట్టుకోవాలంటే అందరికీ జంకే.

మూడో వెర్షన్ వచ్చేటప్పుడు కోడ్ బాధ్యత బగ్యోది. మాట కటువు, పని చురుకు. గెసెర్ నత్తనడక నడుస్తోందని అన్ని ఊళ్ళ నుంచీ సణుగుళ్ళు వస్తుంటే, బగ్యో అందులో పేర్లు సరిచూసే భాగాన్ని పీకేశాడు. ఫంక్షన్ పరుగందుకుంది. అయితే, వెళ్ళే చోట అదే పేరుతో ఫైలుంటే ఇప్పుడు ఆగదు, అరవదు. పాతదాన్ని తుడిచేసి దాని చోట కొత్తది కూర్చుంటుంది.

వుర్యానికి ఆ శనివారమే కనబడింది. వెంటనే బగ్యోని అడిగింది, అన్నయ్యా అన్నట్టు మస్ అంటూ. "మస్ బగ్యో, పుటలో ఆగుతుందని ఉంది కదా."

"ఉంటే మార్చు. పుటలు నీవేగా."

"అది పాక్ పుట."

"అయితే వెళ్ళి అడుగు. పులేమైనా ఉందా ఆ ఇంట్లో? ఓ పొట్లం జదా తెంపే పట్టుకుపో, కరిగిపోతాడు ముసలాయన."

నిజంగానే పట్టుకెళ్ళింది. కలియురంగ్ రోడ్డు మీద కొన్న జదా తెంపే, జిగురుబియ్యపు ముద్ద మీద తియ్యటి సోయా ముక్క, ఆకులో ఇంకా వేడిగానే ఉంది. గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి ఇల్లంతా నిశ్శబ్దం. మర్సినికి ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందని డాక్టరు ఆ పొద్దున్నే చెప్పాడట. ఆవిడ లోపలి గదిలో పడుకుని ఉంది. పాక్ మార్తోయో ముందుగదిలో ఊరికే కూర్చుని, ఆ పొట్లం విప్పి, ఒక ముక్క చేత్తో పట్టుకుని తినకుండా, "ఏమైనా పని మీద వచ్చావా గెందుక్?" అని అడిగాడు.

"లేదు పాక్. ఊరికే, చూసిపోదామని," అంది వుర్యాని.

ఆ రోజుకి ఆ మాట తప్పని ఎవరూ అనరు. ఆ పరిస్థితిలో ఫైళ్ళ గొడవ ఎత్తేవాళ్ళు మనుషులే కారు. అయితే ఆ రోజు తరవాత ఇంకా రోజులున్నాయి కదా! మర్సిని అయిదు నెలలకి పోయింది. నలభయ్యో రోజు ప్రార్థనలకి వుర్యాని వెళ్ళి పళ్ళేలు కడిగింది, చెప్పలేదు. నూరో రోజుకి వెళ్ళింది, చెప్పలేదు. సంవత్సరికానికి చెబుదామనుకుంది. అప్పటికి ఇంకో చిక్కు వచ్చిపడింది. "ఏడాది బట్టీ తెలిసి ఎందుకు చెప్పలేదే?" అని ఆయన అడిగితే ఏమని జవాబిస్తుంది? ఆలస్యం పెరిగేకొద్దీ ఆ ప్రశ్న బరువెక్కింది. చివరికి తప్పుకంటే ఆ ఆలస్యమే చెప్పుకోలేని సంగతైపోయింది.

పోనీ, ఊరికే ఉందా అంటే అదీ లేదు. అడిగినవాళ్ళందరికీ నోటితో చెప్పింది. బృందం వాట్సాప్‌లో పెట్టింది: "గెసెర్‌తో జాగ్రత్త, అదే పేరుతో ఫైలుంటే తుడిచేస్తుంది, పుటని నమ్మకండి." మకాస్సర్ వాళ్ళకి తెలుసు, మెదాన్ వాళ్ళకి తెలుసు, కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే చెవిలో ఊదేవాళ్ళు. ఇదెక్కడి చోద్యం! పుటలు రాసేవాళ్ళే పుటని నమ్మకండని చెవులు కొరుక్కుంటే, ఇక ఆ పుట ఎవరికోసం? మనకి తెలిసినవాళ్ళందరికీ తెలిస్తే లోకానికంతటికీ తెలిసినట్టేనని మా వాళ్ళ లెక్క. తెలియనివాడు ఒక్కడే మిగిలాడు. రిటైరయ్యాక, ఫోను మోగుతుంటే తలనొప్పని ఆ వాట్సాప్ బృందం నుంచి ఎప్పుడో తప్పుకున్న పాక్ మార్తోయో.

ఆరేళ్ళు అలా గడిచాయి.

ఒక ఆదివారం పొద్దున పాక్ కూతురు ఉతారి ఫోన్ చేసింది. వుర్యానిని అక్కా అన్నట్టు ఎంబక్ అంటుంది, నాన్నని బాపా అంటుంది. "ఎంబక్ వుర్యాని, ఒక్కసారి వస్తావా? అమ్మ పాటలు కనబడటం లేదు. బాపా రెండు రోజులుగా అన్నం ముట్టలేదు."

ఏ పాటలో వుర్యానికి తెలుసు. మర్సిని ఇంట్లో సాధన చేసుకుంటూ క్యాసెట్లలో రికార్డు చేసుకున్న పాటలు, ముప్పై క్యాసెట్లు. ఆవిడ పోయాక వాటికి బూజు పడుతుంటే, వుర్యానియే రెండు నెలలు ఆ ఇంట్లో కూర్చుని ఒక్కొక్కటీ కంప్యూటర్లోకి ఎక్కించింది. క్యాసెట్‌కొక ఫోల్డరు. ప్రతి ఫోల్డర్లోనూ ఒకటి, రెండు, మూడు అని వరసగా ఫైళ్ళు. ఆ తరవాత క్యాసెట్లు చివికి పొడైపోతే పారేశారు.

వెళ్ళేసరికి పాక్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు.

"రా గెందుక్. చూడు నేనేం చేశానో. నాకు గుర్తు రావడం లేదు," అన్నాడు.

పాత డిస్కు కిర్రుమంటోందని కొత్తది తెప్పించి, పాటలన్నీ ఒకే చోట చేర్చుకుందామని ప్రోగ్రాం రాసుకున్నాడు. పదకొండు వరసలు. ఎంత ముచ్చటగా రాశాడంటే, పాఠ్యపుస్తకంలో అచ్చేసుకోవచ్చు. ఒకే పేరున్న ఫైలు తగిలినప్పుడల్లా గెసెర్ ఆగి చెబుతుంది, చెప్పగానే కొత్త పేరు పెట్టుకుందామని అందుకో వరస కూడా రాశాడు. గెసెర్ ఒక్కసారీ ఆగలేదు. ఏ గొడవా లేకుండా పూర్తయింది కదా అని సంతోషించి, పాత డిస్కుని శుభ్రంగా తుడిచి పక్కవీధి బడికి ఇచ్చేశాడు. వాళ్ళు దాన్ని ఆ సాయంత్రమే వాళ్ళ పాఠాలతో నింపేశారు.

కొత్త డిస్కులో పద్నాలుగు ఫైళ్ళున్నాయి. వుర్యాని మొదటిది తెరిచి వింది. మర్సిని కాదు. మర్సిని పోయిన వెయ్యో రోజున ఆవిడ శిష్యురాళ్ళు పాడింది. ఆ ఫోల్డర్లోనూ పేర్లు అవే అంకెలు, ఫైళ్ళు అన్నిటికంటే ఎక్కువ. అదే చివర్న వెళ్ళింది కాబట్టి, దాని ఫైళ్ళు మిగతా అన్నిటి మీదా కూర్చున్నాయి. రెండోది తెరిచింది, మూడోది తెరిచింది. పద్నాలుగూ అవే. మర్సిని గొంతు ఆ ఇంట్లో ఇంకెక్కడా లేదు.

"పుట మళ్ళీ చదివాను," అన్నాడు పాక్. "నేను రాసిందే కదా. ఆగుతుందనే ఉంది. ఆగుతుంది, నాకు తెలుసు, నేనే రాశాను. కాబట్టి తప్పు దానిది కాదు. మధ్యలో నేనేదో చేశాను. ఫైళ్ళు ఎక్కడికో పంపాను, ఎక్కడికో మర్చిపోయాను."

ఉతారి వుర్యానిని పెరట్లోకి లాక్కుపోయింది. "చూశావా? మొన్న కళ్ళజోడు మర్చిపోయాడు, ఇప్పుడిది. బుధవారం ఆస్పత్రికి తీసుకెళ్తున్నా. మతిమరుపు జబ్బేమోనని భయంగా ఉంది ఎంబక్. స్టవ్ దగ్గరికి కూడా వెళ్ళనివ్వడం లేదు నేను."

వుర్యాని నోటిదాకా వచ్చింది. చెబితే చాలు, ఒక్క వాక్యం. కానీ లోపల నుంచి పాక్ సొరుగులు లాగుతున్న చప్పుడు వినబడింది, ఫైళ్ళు వెతుక్కుంటూ. "చూస్తాను ఉతారి. ఏదైనా దారుందేమో చూస్తాను," అని చెప్పి వచ్చేసింది. ఏం చూస్తుంది? చూడటానికేం మిగలలేదని ఆమెకి అప్పుడే తెలుసు.

తిన్నగా బగ్యో ఇంటికి వెళ్ళింది. అంతా విని బగ్యో వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఇప్పుడు చెప్పి ఏం చేస్తావ్?" అన్నాడు. "పాటలు తిరిగొస్తాయా? ఆయన పేరున్న పుట ఆయన్నే ముంచిందని తెలిస్తే ముసలాయన తట్టుకుంటాడా?"

"మతి పోయిందనుకుంటున్నారు మస్. ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు."

"వయసు డెబ్భై ఎనిమిది. ఎలాగూ చూపించాల్సిందే. నా మాట విను. పుట సరిచేసెయ్. ఈ నెల వచ్చే వెర్షన్‌లోనే మారిందని రాసెయ్. ఎవరికీ ఏ నొప్పీ ఉండదు."

"అబద్ధం రాయమంటావా?"

"ఆరేళ్ళుగా ఏం రాసి ఉందక్కడ, సత్యమా?" అన్నాడు బగ్యో. అని, వెంటనే నాలిక్కరుచుకున్నాడు. "కోడ్ మార్చింది నేనే కదా ఎంబక్. నాకూ నిద్ర పట్టదులే."

మంగళవారం మధ్యాహ్నం ఆఫీసులో భోజనాల వేళ వుర్యాని గెసెర్ పుట తెరిచింది. కొత్త వాక్యం రాసింది: "వెళ్ళే చోట అదే పేరుతో ఫైలు ఉంటే, గెసెర్ దాన్ని హెచ్చరిక లేకుండా తుడిచేస్తుంది." కింద ఒక గడి ఉంటుంది, ఏ వెర్షన్ నుంచి ఇలా అని. ఆ గడి దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. బగ్యో చెప్పిన అంకె వేస్తే ఆరేళ్ళు ఇట్టే మాయమైపోతాయి. ఎవరూ అడగరు. డబ్బాలో అన్నం అలాగే ఉండిపోయింది. చివరికి మూడు అని వేసింది. కానీ భద్రపరచలేదు. పుట అడుగున ఆయన పేరుంది. సగం రోజు సెలవు పెట్టి, మోటారుసైకిలు తీసుకుని బయల్దేరింది. ఈసారి చేతిలో పొట్లం లేదు. దారిలో రెండుసార్లు పక్కకి ఆపి, వెనక్కి తిప్పేద్దామా అనుకుంది.

పాక్ ముందుగదిలో కాగితం మీద అంకెలు రాస్తున్నాడు. వంద నుంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి. రేపు డాక్టరు అడుగుతాడని ఉతారి చెప్పిందట.

"తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది. సరిగ్గానే వస్తున్నాయి కదా గెందుక్?" అన్నాడు బెదురుగా, పరీక్షకి కూర్చున్న పిల్లాడిలా.

అంత మనిషి అలా అడిగేసరికి వుర్యానికి దుఃఖం ఆగలేదు. చాప మీద ఆయన ముందు కూలబడిపోయింది.

"పాక్, మీకేం కాలేదు. మీ ప్రోగ్రాంలో తప్పు లేదు. గెసెర్ ఆగదు."

"ఆగుతుంది. నేనే రాశాను."

"అప్పుడు ఆగేది. తరవాత కోడ్ మారింది. ఇప్పుడు ఆగదు, తుడిచేస్తుంది. పుట మార్చలేదు."

పాక్ మార్తోయో కలం కింద పెట్టాడు. "ఎప్పుడు మారింది?"

"మూడో వెర్షన్‌లో. ఆరేళ్ళయింది."

"నీకెప్పుడు తెలుసు?"

"అప్పుడే తెలుసు పాక్. అడుగుదామని వచ్చాను. బు మర్సినికి జబ్బని తెలిసిన రోజు. అడగలేకపోయాను. ఆ తరవాత కూడా... ఎప్పుడూ అడగలేకపోయాను. తప్పు నాది. మొత్తం నాదే."

ఆయనకి కోపం వస్తుందని వుర్యాని తల వంచుకుని కూర్చుంది. వస్తే బాగుండునని కూడా అనిపించింది.

"అయితే నాకు మతి పోలేదన్నమాట," అన్నాడు.

"లేదు పాక్."

"అల్‌హమ్దులిల్లా! ఉతారీ! ఓ ఉతారీ! ఇటు రావే. మీ బాపాకి పిచ్చెక్కలేదట, విను! రేపు ఆస్పత్రి లేదు, ఏమీ లేదు." గొంతులో పదేళ్ళు తగ్గాయి. ఉతారి వంటింట్లోంచి తడి చేతులతో పరుగెత్తుకొచ్చి, ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. వుర్యాని మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. ఉతారి మొహం చెబుతుండగానే ఎర్రబడింది.

"ఆరేళ్ళా! మా ఇంట్లో పళ్ళేలు కడిగావు, మా అమ్మ కోసం ప్రార్థనలో కూర్చున్నావు, ఈ ముక్క చెప్పడానికి నోరు రాలేదా నీకు? ఏం మర్యాద ఎంబక్ ఇది?"

"ఊరుకో," అన్నాడు పాక్. "నేను కూడా పెద్దవాళ్ళ ముందు ఎన్ని మింగలేదు! దానికి నేర్పింది మనమే."

అంటూనే ఆయన చూపు సొరుగుల మీద పడింది. అన్నీ ఇంకా లాగినవి లాగినట్టే ఉన్నాయి. కంప్యూటర్ వైపు చూశాడు. మళ్ళీ సొరుగుల వైపు చూశాడు. నవ్వు మొహం మీంచి మెల్లగా జారిపోయింది.

"నేను మర్చిపోలేదంటే," అన్నాడు నెమ్మదిగా, "వాటిని ఎక్కడా పెట్టలేదన్నమాట."

ఉతారి వెళ్ళి తెరిచి ఉన్న సొరుగొకటి మూసింది.

"మర్చిపోయానే అనుకున్నాను. మర్చిపోతే ఎక్కడో ఉంటాయి కదా. ఏదో ఒక రోజు కనబడతాయి. మతి పోతే పోయింది, పాటలుంటాయి అనుకున్నాను గెందుక్."

వుర్యానికి అది తట్టనే లేదు. ఆయన మతి మీద నమ్మకం ఆయనకి తిరిగి ఇద్దామని వచ్చింది. ఆయన గుప్పెట్లో మిగిలిన ఆ కాస్త ఆశని కూడా లాక్కోవడానికి వచ్చానని ఇప్పుడు తెలిసింది. మొదటే చెప్పి ఉంటే ఈ రెండిట్లో ఏదీ ఉండేది కాదు. పోయి ఒక వాక్యం మార్చుకుంటానని అడగడం, ఆయన సరే అనడం, అంతే. పావుగంట పని.

ఉతారి కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. పాక్ వుర్యాని వైపు కొంచెం ముందుకి వంగాడు.

"క్యాసెట్లు ఎక్కించింది నువ్వే కదా. అన్నీ విన్నావు కదా."

"విన్నాను పాక్."

"నేను వినలేదు. ఆవిడ పోయాక ఒక్కటీ వినలేదు. ధైర్యం చాలలేదు. అన్నీ ఒకచోట చేర్చుకుని, అప్పుడు కూర్చుని విందామని..." కలానికి మూత పెట్టాడు. "ఒక దాంట్లో వాన పడుతుంటుంది. పాట మధ్యలో ఆపి ఎవరినో పిలుస్తుంది. ఆ రోజు నేను పక్కగదిలోనే ఉన్నాను. నన్నే పిలిచిందనుకుంటాను. పనిలో పడి పలకలేదు. అది నన్నేనా గెందుక్? నా పేరేనా?"

వుర్యానికి వాన గుర్తుంది. రేకుల మీద పడుతున్న వాన చప్పుడు, పాట ఆగడం, ఒక పిలుపు. పేరు గుర్తు లేదు. హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని, అంకె వేసి, తరవాతి దానికి వెళ్ళిపోయింది ఆ రోజు. ముప్పై క్యాసెట్లు, పని తెమలాలి.

ఎదురుగా ఆ ముసలి మొహం. అవును పాక్, మీ పేరే అంటే చాలు. ఎవరు కాదంటారు? సరిచూడటానికి లోకంలో ఏమీ మిగల్లేదు. ఆ మాట ఆమె నాలుక చివరికి వచ్చేసింది, ఎంత తేలిగ్గా వచ్చిందంటే ఆమెకే భయమేసింది.

"తెలీదు పాక్," అంది. "ఎవరినో పిలవడం విన్నాను. పేరు గుర్తు లేదు."

ఆయన తల ఊపాడు. "మంచిది. ఆ పుట కూడా ఇలాగే, ఉన్నదున్నట్టు రాసెయ్," అన్నాడు. అంకెలు రాసిన కాగితం మడిచి పక్కన పెట్టాడు. తరవాత కండువాతో మొహం కప్పుకున్నాడు. మర్సిని పోయినప్పుడు కూడా నలుగురి ముందు కంటతడి పెట్టని మనిషి, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. వుర్యాని ఆయన్ని ఊరుకోమనలేదు. ఏమని చెప్పి ఊరుకోమంటుంది?